మట్టిలోని గ్రంథము: ఒక అరుదైన మాట



తొలకరి చినుకు పడగానే నేలనుండి కమ్మని వాసన లేచుట మనమందఱ మెఱిగినదే. ఆ వాసనకు ముఖ్యకారణము జియోస్మిన్ అను పదార్థము. దానిని పుట్టించువానిలో స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు ప్రధానములు. క్షయరోగమునకు పనిచేసిన తొలిమందు స్ట్రెప్టోమైసిన్ 1943వ సంవత్సరమున అమెరికాలో లభించినదియు ఇట్టి జీవి యొకదానినుండియే.

ఈ జీవి బాక్టీరియా జాతిదే యైనను, బూజువలె సన్నని దారములై మట్టిలో పాకును. ఆహారము కొఱవడినపుడు కొన్ని దారములు నేలవిడిచి గాలిలోనికి నిక్కును. పాతదారములు కొంత నశించి, తమ సారమును వీనికి ఆహారముగా నిచ్చును. పిదప నిక్కిన దారము లోపల అడ్డగోడలు కట్టుకొని, పూసలపేరువలె పదులకొలది సిద్ధబీజములుగా విడిపోవును. అవి అనావృష్టి కోర్చి, అనుకూలకాలమున మరల మొలకెత్తును. మనము గాదెలో విత్తనము దాచుకొనుట వంటిదే యిది.

ఈ పనిని నడుపునవి జన్యువులు. ఇంగ్లండునందలి నార్విచ్ నగరమున జాన్ ఇన్నెస్ సంస్థలో డేవిడ్ హాప్‌వుడ్, కీత్ చేటర్ మొదలగువారు సీలికలర్ అను జాతిని పెంచి పరిశీలించిరి. గాజుపళ్లెమున పెంచినపుడు దానిపై నూగు లేచి, బీజములు పండగా బూడిదరంగు వచ్చును. జన్యువు చెడినవానిలో కొన్నింట నూగే లేవలేదు. వానికి 'బట్టతల' యని పేరిడిరి. కొన్నింట నూగు లేచియు, బీజములు పండక తెల్లగా నిలిచినవి. వానిని 'తెల్లనివి' అనిరి. నూగును లేపు జన్యువులు వేఱు, బీజములను పండించు జన్యువులు వేఱు అని యిట్లు తేలినది.

బట్టతలవానిలో ఒకదాని వృత్తాంతము నావంటి బడిపంతులునకు మిక్కిలి ప్రియమైనది. జన్యువుల భాషలో అక్షరములు నాలుగే. మాటకు మూడేసి యక్షరములు. మాంసకృత్తులలో చేరు లూసీన్ అను పదార్థమునకు ఆ భాషలో ఆరు పర్యాయపదములు కలవు. అందొకటి యీ జీవి గ్రంథమున మిక్కిలి అరుదు. 7,800కు పైబడిన జన్యువులలో రమారమి 145 యందే అది కానవచ్చును. దానిని చక్కగా చదువగల అణువు ఒక్కటే. ఆ చదువరిని నిర్మించు జన్యువు చెడుటయే ఈ బట్టతలకు కారణమని 1987లో వెల్లడియైనది.

చిత్రమేమన, చదువరి లేకున్నను జీవి సుఖముగా తిని పెరుగును. నిత్యజీవనమునకు తప్పనిసరియైన జన్యువులలో ఆ మాట లేదు. కాని నూగు లేపుమని యాజ్ఞయిచ్చు ముఖ్యజన్యువున అది కలదు. ఇతర సూక్ష్మజీవులను చంపు నీలి, ఎఱ్ఱ ద్రవ్యములను చేయించు జన్యువులలోను కలదు. చదువువాడు లేక ఆ యాజ్ఞ లన్నియు మూగవోవును. నేటి బ్రతుకు సాగును. రేపటి విత్తనము దక్కదు.

మీ గ్రామమున తాటాకు పుస్తకము చదువగల వృద్ధు డొక్కడైన మిగిలియున్నచో, ఈ సూక్ష్మజీవిని తలచుకొని, ఆయనయొద్ద ఒక్క పిల్లవానినైన కూర్చుండబెట్టుడని నా మనవి. సెలవు.