పోరుమామిళ్ల శాసనానికి ఒక లంకె



కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. ఆ చెరువు కట్టడానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు శాసనంలో చెక్కించారు. కట్ట కారడం ఒక దోషం, చవుడు నేల ఇంకోటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటమూ దోషమేనట! సీమ నీళ్ల తగాదాలు ఎరిగినవాళ్లకు ఇది వింటే నవ్వొస్తుంది.

ఆ శాసన పాఠం ఎపిగ్రాఫియా ఇండికాలో ఉంది. ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన జిల్లా కైఫీయత్తులు వేరే సంపుటాల్లో ఉన్నాయి. ఏ తూము కింద ఎవరి మడి ముందు పారాలో, ఏ ఏడు మరవ పారిందో చెరువు నీళ్లు పారించే నీరుగంటి నోట్లో ఉంది. ఇక తెలుగు వికీపీడియాకు వెళ్తే, కర్నూలు, కడప పల్లెల పేజీలు చాలావాటిలో 2011 జనగణన లెక్కలే కనిపిస్తాయి. అన్నీ ఉన్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేదు.

1989లో పరిశోధన సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ పడ్డ బాధా ఇదే. మనుషులు రెండేళ్లకే మారిపోతుంటే వాళ్లకు తెలిసిందీ వాళ్లతోనే పోతోందని, కాగితాలను లంకెలతో కలిపే పద్ధతి ప్రతిపాదించాడు. అదే వెబ్ అయింది.

కంప్యూటరు లేని రోజుల్లోనే సి.పి. బ్రౌన్ దొర ఆ పని చేశాడు. డుబ్వా అనే పాదరీ పుస్తకంలో వేమన ప్రస్తావన కనబడితే, దాన్ని పట్టుకుని తాళపత్రాలు వెతికించి, 1829లో పద్యాలు అచ్చు వేయించాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పట్టాలందుకున్న విద్యార్థులారా, మీలో ఎందరు లోపలికి వెళ్లారో అడగను.

మీ ప్రాజెక్టు రిపోర్టులు బీరువాలో పడేయకండి. అచ్చయిన ఆధారం ఉన్న సంగతిని, పుట సంఖ్యతో సహా, మీ ఊరి వికీపీడియా పేజీలో చేర్చండి. నీరుగంటి మాట అక్కడ నిలవదు, అచ్చు ఆధారం అడుగుతారు. దానికి కాలేజీలో సొంత వికీ పెట్టుకోండి, వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేరు ఉచితమే. నీరుగంటిని అడిగి, ఏ తేదీన చెప్పాడో వేసి రాయండి. పక్కనే శాసనానికి లంకె ఇవ్వండి. పుస్తకం మాటకూ ఆయన మాటకూ పొసగకపోతే రెండూ ఉంచండి. కొట్లాడుకోవడానికి చర్చ పేజీ ఎలాగూ ఉంది.