బిడ్డల స్థూలకాయము – పెద్దల పూచీ



పసిబిడ్డను ఎత్తుకొనినవారు మొట్టమొదట మెచ్చుకొనునది బరువునే. బుగ్గలు నిండి, మణికట్టున ముడుతలు పడిన బిడ్డను చూచి, దిష్టి తీయుమని తల్లిని హెచ్చరింతురు. బక్కబిడ్డ తల్లికి మాత్రము 'పాలు చాలుటలేదా?' యను ప్రశ్న తప్పదు. ఈ మెప్పునకు కారణము లేకపోలేదు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమలో లెక్కకు మిక్కిలి ప్రాణములను హరించినది. 1876-78 నాటి ధాత కరువునకు దత్తమండలములలో ఊళ్లు పాడువడినవి. తరతరములుగా ఆకలి నెఱిగిన జాతికి, ఒడలు నిండిన బిడ్డయే బ్రతికి బట్టకట్టు బిడ్డగా తోచుట సహజము. ఒంటిపూట గంజితో పెరిగిన తండ్రి, తన కొడుకు 'ఇంకొంచెము' అనగా కాదనలేడు.

కాని కాలము మారినది. ఐక్యరాజ్యసమితి బాలల నిధి 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ప్రపంచమున 5 మొదలు 19 ఏండ్ల వారిలో స్థూలకాయులు నూటికి 9.4, బరువు తక్కువైనవారు 9.2. మొదటివారు రెండవవారిని మించుట ఇదే ప్రథమము. మన దేశమున జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 5 ఏండ్లలోపు బిడ్డలలో అధిక బరువు కలవారు 2015-16లో నూటికి 2.1 కాగా, 2019-21లో 3.4 అయిరి. ఆ రెండవ సర్వేలోనే బరువు చాలని బిడ్డలు నూటికి 32 మంది. ఒకే వీధిలో ఆకలియు అజీర్తియు ఇరుగుపొరుగు కాపురము చేయుచున్నవి!

చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము ఈ విషయమునే చర్చించినది. మితిమీరిన తిండి, తీపి, జిడ్డు పదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర, వీనితోబాటు బీజస్వభావమును కూడ కారణముగా చెప్పినది. కృశునికంటె స్థూలునకు చికిత్స కష్టమనియు అందు కలదు. బీజమును తల్లిదండ్రులు మార్చలేరు. వంటయింటిని మార్చగలరు.

శరీరపు లెక్క జమాఖర్చుల లెక్కయే. తిన్నది జమ, ఆటపాటలు ఖర్చు, మిగిలినది నిలువ. పిల్లల పద్దులో ఎదుగుదల యను మరియొక ఖర్చు కలదు. కనుక పెద్దలవలె వారిని పస్తులుంచరాదు. వైద్యుని సలహాతో బరువును నిలుకడగా నుంచి పొడవు పెరుగనిచ్చిన, పెక్కుమందికి అదియే చాలును.

జమ వైపు చూడుడు. పావులీటరు శీతలపానీయములో సుమారు 25 గ్రాముల చక్కెర, అనగా ఆరు చెంచాలు, ఉండును. బిడ్డ పాలలో ఆరు చెంచాలు వేసిన తల్లిని అత్తగారు ఊరకుండనీయదు. అదే సీసాలో పోసియిచ్చిన పుట్టినరోజు వేడుక! బడికి 50 మీటర్లలోపల కొవ్వు, చక్కెర, ఉప్పు మిక్కుటమైన తినుబండారములు అమ్మరాదని 2020లో నిబంధనలు వెలువడినవి. ఇంటిలోనికి మాత్రము ఏ తనిఖీదారును రాడు. చిప్సు పొట్లములు తండ్రి సంచిలోనే వచ్చుచున్నవి. ఏడ్పు మాన్పుటకు చేతికి ఫోను, నోటికి బిస్కత్తు. కడుపు నిండినదని బిడ్డ మొగము త్రిప్పుకొనినను, కంచము ఖాళీయగువరకు వదలరు. ఏమి వండవలెనో తల్లి నిర్ణయించవచ్చును. ఎంత చాలునో బిడ్డ ఆకలికే తెలియును.

నందునింట వెన్నకు కొదువలేదు. అయినను చిన్నికృష్ణుడు స్థూలకాయుడని పోతన వ్రాయలేదు. ప్రొద్దుననే చల్దిమూటతో మందల వెంట అడవికి పోయి, ప్రొద్దుగ్రుంకువేళ ఇల్లు చేరు బాలునకు ఎంత వెన్న అరుగదు? నేటి ఇండ్లలో వెన్న మిగిలినది, ఆలమందలు పోయినవి. 5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున ఒక గంటయైనను ఒడలు అలయునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ గంటనే ట్యూషను మ్రింగుచున్నది. రుసుము చెల్లించునది పెద్దలే.

ఇక గేలి సంగతి. బరువెక్కిన బిడ్డను 'బండోడా' యని పిలుచుట ముద్దని కొందరి భ్రమ. ఆ పిలుపు విని విని కుమిలిన బిడ్డ, తలుపు చాటున డబ్బామూత తీసి తినును. వానికొక్కనికే జావ పోసి, తక్కినవారు చుట్టు కూర్చుండి జంతికలు నములుట వైద్యము కాదు. ఆ జంతికల డబ్బా ఇంటిల్లిపాదికిని పండుగనాడే దిగవలెను. సాయంకాలము వానితోబాటు తండ్రియు చెఱువుగట్టుదాక నడువవలెను.