చేతులు చాలా ఉన్నాయి, పని చెప్పేవాళ్లు కావాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం 'సమాజ సేవ'. ఇంజనీరుని కదా, అంత పెద్ద మాట నా నోట ఇమడదు. అందుకని సేవ సంగతి పెద్దలకు వదిలి, నేను పని గురించి మాట్లాడతాను. తుపాను వచ్చి వెళ్లాక మన ఊళ్లలో చేయాల్సిన పని గురించి.

అక్టోబరు నెల మనకు అచ్చిరాదని మన పెద్దవాళ్లు ఊరికే అనరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర, నేరుగా మన నెత్తి మీదే, తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టం. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. హైవే మీద చెట్లు, ఊరి దారుల మీద చెట్లు.

ఆ వారం నేను మిత్రులతో కలిసి వచ్చాను. మీలో చాలామంది అప్పటికే ఇక్కడున్నారు. సాయానికి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. టెక్కలి దాటితే చాలు, పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, దుప్పట్లు వేసుకున్న వ్యాన్లు కనిపించేవి. రోడ్డు పక్క ఊళ్లకు ఒకే పూట రెండు మూడు సార్లు పొట్లాలు అందాయి. తోటల లోపలి ఊళ్లకు దారే లేదు. అలాంటి ఒక ఊరి పెద్దాయన మాతో అన్న మాట నాకింకా గుర్తుంది: "పొట్లాలు సాలు బావూ. ఆ సెట్లు తీసీండి, మేమే ఎల్లి తెచ్చుకుంతాం."

ఏ పని ముందో ఆయనకు తెలుసు, వ్యాన్లలో వచ్చినవాళ్లకు తెలియదు. అది వాళ్ల తప్పు కాదు. ఊరు తెలిసినవాడు పక్కన ఉండి చెప్పాలి. మనం, అంటే ఈ బడిలో చదివినవాళ్లం, చేయగలిగిన మొదటి పని అదే.

దారి సంగతే చూడండి. పడిన కొబ్బరి చెట్టును ముక్కలు కోసి దొర్లించేయొచ్చు. జీడిచెట్టు అలా కాదు. కొమ్మలు నాలుగు వైపులా పరుచుకుని, మాను బరువుకి విల్లులా వంగి ఉంటాయి. బిగువు ఏ వైపు ఉందో చూడకుండా రంపం పెడితే కొమ్మ ఎగిరొచ్చి మనిషిని కొడుతుంది. ఇది ఇంజనీరింగ్ కాలేజీలో నేర్పే విషయం కాదు, ఊళ్లో కట్టె కోసేవాళ్లకు తెలుసు. పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్లు వాళ్ల మాట విని కొమ్మలు లాగాలి, రంపం వాళ్ల చేతికే ఇవ్వాలి.

తర్వాత నీళ్లు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకు ఖాళీ. ట్రాక్టరు మీద జనరేటర్ పెట్టుకుని ఊరూరా తిరిగి ట్యాంకులు నింపొచ్చు. కానీ మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు, నడిచేటప్పటి కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ ఊరి మోటారు ఎన్ని హార్స్‌పవరో తెలియకుండా చిన్న జనరేటర్ తీసుకెళ్తే తిరుగు ప్రయాణమే మిగులుతుంది. ఒక్క అంకె ముందే రాసి ఉంటే ఒక పూట కలిసొస్తుంది.

కరెంటు దగ్గర ఒక మాట గట్టిగా చెప్తాను. మెయిన్ ఆపకుండా ఇంటి వైరింగుకి జనరేటర్ తగిలించొద్దు. ఆ కరెంటు వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులై లైను ఎక్కుతుంది. అక్కడ స్తంభం మీద ఎవరి బిడ్డో ఉంటాడు. తిత్లీ తర్వాత వేరే జిల్లాల నుంచి లైన్‌మన్లు వచ్చి మన పొలాల్లో స్తంభాలు పాతారు. అటువంటివాళ్లకు గోతులు తవ్విపెట్టొచ్చు, తాడు పట్టొచ్చు, అన్నం పెట్టి పడుకోవడానికి చోటు చూపించొచ్చు. స్తంభం ఎక్కడం మాత్రం వాళ్ల పని.

మూడోది, మన ఉద్దానానికి ప్రత్యేకమైనది, డయాలసిస్. ఈ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. సంతోషం. కానీ ఆసుపత్రి పలాసలో ఉంటే, రోగి తోటల అవతల ఉంటాడు. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద పడుకోవాల్సిన మనిషికి రెండు వాయిదాలు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. పది దారులు మూసుకుపోయినప్పుడు ముందు తెరవాల్సిన దారి, రేపు డయాలసిస్ ఉన్న మనిషి ఇంటి దారి. అది ఎవరి ఇల్లో బయటి నుంచి వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది?

తిత్లీకి రెండు నెలల ముందు, ఆగస్టులో, కేరళ వరదల్లో మునిగింది. అక్కడి మత్స్యకారులు తమ పడవలను లారీల మీద ఎక్కించుకుని వెళ్లి వేలమందిని గట్టుకి చేర్చారు. తమకు వచ్చిన పనితో, తమ చేతిలో ఉన్న సామానుతో వెళ్లారు. మనలోనూ ఎలక్ట్రీషియన్లున్నారు, నర్సులున్నారు, ట్రాక్టరున్న రైతులున్నారు, జీడి వ్యాపారం చేసే లారీల యజమానులున్నారు. ఎవరికి ఏం వచ్చో ఒక చోట రాసి లేదు, అంతే.

ప్రభుత్వం చేయాల్సిన పని మనం నెత్తికెత్తుకోవాలని నేను అనడం లేదు. అడగాల్సింది అడుగుదాం. కానీ మొదటి రెండు రోజులు ఊళ్లో ఊరివాళ్లే ఉంటారు.

స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చి కట్టిద్దామని కొందరు మిత్రులన్నారు. కట్టిద్దాం, కాదనను. దానితోపాటు ఒక నోట్‌బుక్కు పెడదాం. ఊరికి ఒక పేజీ. నీళ్ల మోటారు ఎన్ని హార్స్‌పవరు, కోత మిషను ఎవరి దగ్గర ఉంది, జనరేటర్ ఎక్కడ ఉంది, గట్టి డాబా ఏది, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు, డయాలసిస్ ఎవరికి, ఏ ఏ వారాల్లో. రోగుల వివరాలు వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి, ఊళ్లో ఇద్దరి దగ్గరే ఉండాలి, వాట్సాప్‌లో తిప్పకూడదు. మిగతా పేజీల నకలు బడిలో ఒకటి, సచివాలయంలో ఒకటి. కాగితం మీదే ఉండాలి, ఎందుకంటే తుపాను రోజున సెల్‌ఫోను పనిచేయదు. ఏటా సెప్టెంబరులో తొమ్మిదో తరగతి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి సరిచూస్తారు. మాస్టారుల అనుమతి అడుగుతున్నాను. హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో ఉన్నవాళ్లు ఆ నెలలో తమ ఊరికి ఫోను చేసి పేజీ పూర్తయిందో లేదో కనుక్కోవాలి.

చివరిగా ఒకటి. నాటిన కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. సాయం మాత్రం చాలాసార్లు పదిహేను రోజుల్లో ఆగిపోతుంది. ఆ పేజీ చివర ఒక వరస ఖాళీగా వదలండి. తుపాను వెళ్లిన ఏడాదికి ఆ ఊరికి మళ్లీ ఎవరు వెళ్లి చూస్తారో వాళ్ల పేరు అక్కడ రాయాలి.

భోజనాల పందిరి దగ్గర బల్ల మీద నోట్‌బుక్కులు పెట్టాం. విస్తరి ముందు కూర్చునే లోపు మీ ఊరి పేరు, మీకు వచ్చిన పని, మీ ఫోను నంబరు రాయండి. పెన్నులు నేను తెచ్చాను.

సెలవు.