రిజిస్టరులో ఉన్నవాళ్లు, బెంచీల్లో లేనివాళ్లు

ఈ ఏడాదే ఆర్డినేషన్ పూర్తి చేసుకుని కొత్త సంఘాలకు వెళ్లబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాటలు. నేను పాస్టరును కాను. బడిపంతులుగా రిటైరయ్యాను. మా ఊరి సంఘానికి ఇరవై ఆరేళ్లు ట్రెజరరుగా చేశాను. తొమ్మిదిమంది అయ్యగార్ల దగ్గర కానుకల పుస్తకం పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన ఆ తొమ్మిదిమందిలో మూడోవారు. తన పేరు ఎక్కడా అచ్చు వేయవద్దని ముందే చెప్పి వెళ్లారు కాబట్టి అయ్యగారు అనే అంటాను.

ఆయన వచ్చిన రోజు మాకు బాగా జ్ఞాపకం. దండలు వేశాం, డప్పు కొట్టించాం, కోడికూర వండాం. భోజనం కాగానే అడిగిన మొదటి మాట, ‘‘మాష్టారూ, బీరువా తాళం ఎవరి దగ్గరుంది?’’ నాకు గుండె ఝల్లుమంది. లెక్కలు అడుగుతారేమో అనుకున్నాను. ఆయనకు కావలసింది రిజిస్టర్లు. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు మూడూ చాప మీద పరచుకుని మూడు రాత్రులు లాంతరు వెలుగులో చదివారు. నాలుగోనాటికి ఒక కాగితం మీద నలభై పేర్లు రాసిచ్చి, ‘‘వీళ్లు పుస్తకంలో ఉన్నారు, బెంచీల మీద లేరు. ఎక్కడున్నారు?’’ అన్నారు.

ఈమధ్య కొత్తగా వచ్చే అయ్యగార్లు మొదటి కమిటీ మీటింగులో పెట్టే జాబితాలు నేను చూస్తున్నాను. ప్రహరీ గోడ, సౌండ్ సిస్టమ్, ఎల్‌ఈడీ తెర, యూట్యూబ్ ఛానెల్, మూడు రాత్రుల సువార్త మహాసభలు. ఒక్కటీ తప్పు కాదు. మైకు బాగా లేకపోతే వెనక కూర్చున్న ముసలివాళ్లకు వినపడదు. కానీ ఆ జాబితా అంతా వచ్చేవాళ్ల కోసమే. రానివాడికి మైకెందుకు?

ముందు ఏది, తర్వాత ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఒంగోలు గుర్తొస్తుంది. అక్కడ మిషనరీగా పనిచేసిన జాన్ క్లౌ దొరగారు పాస్టరు కాకముందు అమెరికాలో సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి కూలి ఇప్పించాడు. బోధకులే అక్కడ మేస్త్రీలు. ఆ కాలువ గట్టు మీదే వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం అందుతున్నన్నాళ్లు, ఏడాదికి పైగా, ఆపాడు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఎవరి మీదా పడకూడదని. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఆ అంకెను మనం సండేస్కూల్లో పిల్లల చేత వల్లె వేయిస్తాం. అంతకుముందు ఏడాది ఆయన రాయకుండా ఆపిన అంకె గురించి చెప్పం. స్వదేశంలో మిషను సంఘం లెక్కించేది బాప్తిస్మాలనే గదా! తనను మెచ్చుకునే లెక్కనే వాయిదా వేసుకుని గంజినీ గడ్డపారనూ ముందుపెట్టిన మనిషి ఆయన. ప్రాధాన్యం అంటే నా బడిపంతులు బుర్రకు అర్థమైనంతవరకు అదే: నీకు పేరు తెచ్చేదాన్ని ఎంతకాలం ఆపగలవు?

సెమినరీలో మీకు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చెప్పే ఉంటారు. వాక్యం విడిచి బల్లల దగ్గర పనిచేయడం తగదన్న మాటను ఇళ్లకు వెళ్లడానికి బద్ధకించే అయ్యగార్లు బాగా వాడుకుంటారు. కానీ ఆ కథ మొదలయ్యింది వాక్యంతో కాదు, తమ విధవరాళ్లకు రోజువారీ పంపిణీలో అన్నం అందడం లేదన్న గ్రీకు భాష మాట్లాడేవాళ్ల ఫిర్యాదుతో. పైగా ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే అన్యాయం జరిగిందన్న పక్షం చేతికే గరిటె ఇచ్చారు. మన కమిటీల్లో అలా ఎప్పుడైనా ఇచ్చామా?

ఇక ఆ నలభై పేర్లు. పదిమంది చనిపోయారు, ఎవరూ రాయలేదు. కొందరు మిరపకాయ కోతలకు పోయి ఆదివారాలు చేలల్లోనే ఉంటున్నారు. ఇప్పుడైతే ఆ జాబితాలో కువైట్ వెళ్లిన తల్లులు ఉంటారు, హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల కింద కాపలా ఉండే కుటుంబాలుంటాయి, రొయ్యల ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే ఆడపిల్లలుంటారు. వాళ్ల విశ్వాసానికి ఏమీ కాలేదు. మన పదిగంటల ఆరాధనే వాళ్లకు కుదరదు. అయ్యగారు గంట మార్చలేదు. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి పేటలో ఇంకొక కూటం పెట్టారు. లాంతరూ ఆయనే తెచ్చుకునేవారు.

రిజిస్టరు సంగతి ఎత్తాను గనుక, మన మధ్య ఎవరూ పైకి మాట్లాడని ఒకమాట. ఒకే పిల్లవాణ్ణి నేను బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు అని రాశాను, గుళ్లో ఏసుదాసు అని రాశాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మొదట హిందువులకే ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు తీయలేదు. మన రాష్ట్రాల్లో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సి కింద పెట్టారు. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, ఉద్యోగం ఇవన్నీ కుల ధ్రువపత్రం అనే ఆ ఒక్క కాగితం మీద నడుస్తాయి. అందుకే ఆ రెండు పేర్లు. కొత్త అయ్యగారు ఉత్సాహంగా వచ్చి, రెండు పేర్లున్నవాళ్లను గుడి మెట్ల మీద నిలదీశారనుకోండి, మర్నాటికి సగం పేట ఖాళీ అవుతుంది. చట్టాన్ని తప్పించుకోమని నేను చెప్పడం లేదు, చెప్పకూడదు. ఇందులో సరైన దారి ఏదో పంతులుగా నాకూ తేలలేదు. ఒకే చేత్తో రెండు పుస్తకాల్లోనూ రాసినవాణ్ణి. మొదటి ఏడాది మాత్రం ఆ ఇళ్లలో చాప మీద కూర్చుని వినండి. పిల్లవాడి ఫీజు సంగతి తెలియకుండా వాడి పేరు సంగతి మాట్లాడకండి.

ప్రసంగం గురించి ఎక్కువ చెప్పను. వారం పొడుగునా ఇళ్లు తిరిగిన మనిషి ఆదివారం ఏం చెప్పినా మా వాళ్లు విన్నారు. ఆయన గొంతు నిజానికి బాగుండేది కాదు. కీర్తన ఎత్తుకుంటే శ్రుతి పక్క ఊరికి పోయేది.

ఆ నలభైలో ఒకావిడ పేరు దగ్గర నేను తలొంచుకున్నాను. నాలుగేళ్లుగా గుడి గడప తొక్కలేదు. ఎందుకో నాకు తెలుసు. ఆమె కొడుకు పోయినప్పుడు, సంఘం చందా మూడేళ్లది బాకీ ఉందని, అది కడితేగాని సమాధుల తోటలో గుంట తవ్వనివ్వమని కమిటీ పట్టుబట్టింది. ఆమె మేకను అమ్మి కట్టింది. శవం వాకిట్లో ఉండగా రసీదు రాసిచ్చింది నేనే. నూట ఎనభై రూపాయలు. అయ్యగారు ఆమె ఇంటికి వెళ్లేటప్పుడు నన్ను వెంటబెట్టుకు వెళ్లారు. ఆమె మాకు మంచినీళ్లిచ్చింది, కూర్చోమనలేదు. ఆయన ప్రార్థన కూడా చేయలేదు. ‘‘మళ్లీ వస్తానమ్మా’’ అని లేచారు. అలా ఏడుసార్లు వెళ్లారు.

ఎనిమిదోసారికి ముందు నన్ను పిలిచి, నూట ఎనభై రూపాయలు వెనక్కి ఇవ్వాలి, పద్దు రాయమన్నారు. ఏ పద్దు కింద రాయను అయ్యగారూ, దానం అని రాయనా, సహాయం అని రాయనా అన్నాను. ‘‘బాకీ అని రాయండి మాష్టారూ’’ అన్నారు. అలాగే రాశాను. ఆ ఏడాది ఆడిట్‌కి వచ్చినాయన ఆ పద్దు పక్కన ఎర్రసిరాతో ప్రశ్న గుర్తు పెట్టి వెళ్లాడు. ఆ పుస్తకం బీరువా కింది అరలో ఇప్పటికీ ఉంది.