మీ ప్రాజెక్టు ఇంకొకరి కంప్యూటర్లో నడవాలి



స్నాతకోత్సవంలో పెద్ద మాటలు చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం చిన్న విషయం ఎంచుకున్నాను. కొత్త వెబ్ అప్లికేషన్ మొదలుపెట్టేటప్పుడు, ఒక్క పేజీ కూడా తయారు కాకముందు, కంప్యూటర్లో చేసుకునే సెటప్ గురించి మాట్లాడతాను. వైవాలో దీన్ని ఎవరూ పెద్దగా అడగరు. ఉద్యోగంలో చేరాక మాత్రం ముందు ఎదురయ్యేది ఇదే.

మీలో చాలామంది జనగామ, మానుకోట, భూపాలపల్లి వాళ్లు. అందుకని ఉదాహరణ మీ దగ్గరిదే తీసుకుంటాను. 2016 ఫిబ్రవరిలో మేడారం జాతర వరంగల్ జిల్లాలో జరిగింది. అదే ఏడాది అక్టోబర్ 11న, దసరా నాడు, మీ మూడు జిల్లాలూ పుట్టాయి. రాష్ట్రంలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 2018 జాతర నాటికి మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. 2019 ఫిబ్రవరి 17న ములుగు విడిపోయింది కాబట్టి 2020 జాతర ములుగు జిల్లాలో జరిగింది. వరుసగా మూడు జాతరలు, మూడు జిల్లాలు. తల్లుల గద్దెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. 2024 మార్చిలో కొత్త బండ్ల నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చింది.

2015లో ఎవరో ఒక అప్లికేషన్ రాశారనుకుందాం. పది జిల్లాల పేర్లూ ఫారాల్లో, ఫంక్షన్లలో, రిపోర్టుల్లో నేరుగా టైపు చేసేశారు. ఆ తర్వాత ప్రభుత్వం జీవో ఇచ్చినప్పుడల్లా ఫైలు ఫైలూ వెతికి దిద్దుకోవాలి. అందులోనూ వరంగల్‌తో వచ్చే చిక్కు మామూలుది కాదు. 2015 నాటి వరంగల్ జిల్లా వేరు, ఇవాళ్టి వరంగల్ జిల్లా వేరు. మధ్యలో కొన్నేళ్లు ఒట్టి వరంగల్ అనే జిల్లాయే లేదు. పాత రికార్డులో ఆ పేరు కనిపిస్తే అది ఏ వరంగలో ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది?

అందుకే జిల్లాల జాబితా కోడ్‌లో ఉండకూడదు, డేటాబేస్ టేబుల్లో ఉండాలి. ప్రతి జిల్లాకూ ఎప్పటికీ మారని ఒక ఐడీ, ఆ పేరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లిందో చెప్పే రెండు కాలమ్‌లు పెట్టండి. టేబుల్లో చేసే ప్రతి మార్పునూ మైగ్రేషన్ ఫైలుగా రాసి, కోడ్‌తో పాటు గిట్‌లో దాచండి. రేపు టీమ్‌లో చేరిన కొత్త అమ్మాయి ఒక్క కమాండ్ ఇస్తే ఆమె ల్యాప్‌టాప్‌లోనూ జిల్లాలన్నీ వచ్చేయాలి. మీరు ఫోన్లో దొరకాల్సిన అవసరం ఉండకూడదు.

పాస్‌వర్డ్‌ల సంగతీ ఇంతే. డేటాబేస్ చిరునామా, పోర్ట్ నంబర్, పాస్‌వర్డ్ లాంటివి కంప్యూటర్‌ను బట్టి మారతాయి. వాటిని కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టుకోవాలి. డాట్ ఎన్వ్ ఫైలును గిట్ ఇగ్నోర్ జాబితాలో చేర్చండి. దాని బదులు పేర్లు మాత్రమే ఉన్న, విలువలు ఖాళీగా వదిలిన నమూనా ఫైలును గిట్‌లో ఉంచండి. పొరపాటున పాస్‌వర్డ్ గిట్‌లోకి వెళితే ఆ లైను తుడిచేసినంత మాత్రాన అది పోదు, పాత కమిట్‌లో భద్రంగా ఉంటుంది. వెంటనే పాస్‌వర్డే మార్చేయాలి.

మనం రాసే కోడ్ కంటే మనం దింపుకునే ఇతరుల కోడ్ ఎక్కువ. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. అందులో ఉన్నది 11 లైన్లు. దాని మీద ఆధారపడ్డ వేలాది ప్రాజెక్టుల బిల్డ్‌లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. లైబ్రరీల వెర్షన్లను నమోదు చేసే లాక్ ఫైలును గిట్‌లో ఉంచండి. ఏ ప్యాకేజీ అయినా దింపుకునే ముందు అది నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించండి. ఊళ్లో మొబైల్ డేటాతో ఇన్‌స్టాల్ చేసుకునే తమ్ముడికి ఆ ఆలోచన విలువ బాగా తెలుస్తుంది.

తెలుగు గురించి ఎంత చెప్పినా తక్కువే. భూపాలపల్లి మన లెక్కలో ఐదక్షరాలు. యూనికోడ్ లెక్కలో 10 సంకేతాలు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 వెర్షన్ వచ్చేదాకా, అంటే 2018 దాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అక్షరాలను దాచుకునే పద్ధతి లాటిన్1. దాంట్లో తెలుగు పట్టదు. ఊరిపేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు వరుసగా నిలబడొచ్చు. ఒకసారి అలా సేవ్ అయ్యాక ఆ పేర్లు తిరిగి రావు. టెస్ట్ డేటాలో ఏబీసీలు, వన్‌టూత్రీలు పెట్టుకుంటే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు. మొదటిరోజే మీ ఊరిపేరు తెలుగులో ఎక్కించి, తిరిగి చదివి చూడండి.

ఇంకో మాట, అధ్యాపకులు మన్నించాలి. ఫైనలియర్ ప్రాజెక్టును బయట కొని, బైండింగ్ చేయించి, వైవా రోజున ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌లో నడిపించే అలవాటు మన కాలేజీల్లో ఉంది. అలాంటి ప్రాజెక్టుకు నేను మార్కులు వేయను. ఇంకో కంప్యూటర్లో నడవనిది, నా దృష్టిలో, పూర్తయిన పని కాదు.

పట్టాతో ఇంటికి వెళ్లే ముందు ఒక్క పని చేయండి. మీ ప్రాజెక్టును రీడ్‌మీ ఫైలుతో సహా ఒక జూనియర్ చేతికివ్వండి. వాళ్లు దాన్ని నడుపుతుంటే పక్కనే కూర్చోండి, కానీ నోరు విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం చేర్చండి. వీలైతే తెలుగులోనే రాయండి.