డబ్బా వెనుక వైపు
(రేడియో ప్రసంగ పాఠం)



యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయంలో గిబియోను వారి సంగతి మీకు తెలిసినదే. దగ్గర ఊరివారే, దూరదేశం నుండి వచ్చామని నమ్మించడానికి ఎండి బూజుపట్టిన రొట్టెలు వెంట తెచ్చారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలు చూశారు, నమ్మారు, దేవుని అడగకుండానే ప్రమాణం చేశారు. మూడు దినాలకు గాని నిజం తెలియలేదు.

ప్రియులారా, పైరూపం చూసి నమ్మే ఆ అలవాటు మన వంటింట్లో కూడా ఉన్నది. డబ్బా మీద రాగి కంకి బొమ్మ, పాలగ్లాసు, పరుగెత్తే పిల్లవాడు. కూలికి వెళ్లే తల్లి తన బిడ్డకు బలం వస్తుందని, చెమటోడ్చిన డబ్బు పెట్టి దానిని కొంటుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలతో, ఇటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' అనే వర్గం నుండి తీసివేయమని చెప్పింది. ఎందుకు? 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే దానికి నిర్వచనమే లేదు!

మరి నిజం ఎక్కడ ఉన్నది? డబ్బా వెనుక, చిన్న అక్షరాలలో ఉన్నది. మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనండి.

మొదటిది, వరుస. ఏ పదార్థం ఎక్కువ వేశారో దాని పేరే ముందు రాయాలి. రాగి బిస్కెట్టు అని పేరుండి, మొదట మైదా, తరువాత చక్కెర ఉంటే, అది మైదా బిస్కెట్టే. రాగి ఎంత శాతమో కూడా అక్కడే చూడండి.

రెండవది, మారుపేర్లు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ ఇవన్నీ చక్కెర జాతివే. మాల్టోడెక్స్‌ట్రిన్ తియ్యగా లేకపోయినా రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది.

మూడవది, లెక్క. 100 గ్రాములలో చక్కెర 32 గ్రాములని ఉన్నదనుకుందాం. టీ చెంచాకు 4 గ్రాముల చొప్పున, 400 గ్రాముల డబ్బాలో 32 చెంచాల చక్కెర కొన్నట్టే. పైగా పాలలో మనం మళ్లీ వేస్తాం.

అయితే ఒక చిక్కున్నది. చట్టం ప్రకారం ఈ వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉంటే చాలు. తెలుగు మాత్రమే చదువగల తల్లికి ఆ వెనుక వైపు మూసిన తలుపే. కాబట్టి యౌవనస్థులారా, మీతోనే చెబుతున్నాను. మీ అమ్మకు, పొరుగింటి అవ్వకు ఆ అక్షరాలు చదివి వినిపించండి. షుగరు ఉన్న పెద్దలను పరామర్శించడానికి వెళ్లేటప్పుడు, చేతిలో ఉన్న ప్యాకెట్టు తిరగేసి చూడండి. సండే స్కూల్ పిల్లలకు పంచేముందు కూడా చూడండి. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 ఆహార సూచనలలో, లేబుల్ చదవమన్నది కూడా ఒకటి.

కొనలేదని ఏ తల్లీ బాధపడనక్కరలేదు. వేయించిన వేరుశెనగలు, ఉడికించిన గుడ్డు, అరటిపండు, రాగి జావ, వీటికి పొగడ్తలు రాసిన డబ్బా అవసరం లేదు.

ప్రార్థించుకుందాం. ప్రభువా, మా పిల్లల పళ్లెంలో ఏమి పెడుతున్నామో చూచే మెలకువ మాకు దయచేయుము. చదువలేని మా పొరుగువారికి చదివిపెట్టే ఓపిక మాకిమ్ము. ఆమేన్.