నక్షత్రాల పురిటిగది



పిల్లవాడు కిందపడి చెయ్యి వాస్తే ఎక్స్‌రే తీయిస్తాం. చర్మాన్నీ, కండనూ దాటి లోపలి ఎముకను చూపించే కిరణాలవి. అవే కిరణాలు నక్షత్రాల నుంచి కూడా వస్తాయనీ, అందులోనూ పసి నక్షత్రాల నుంచి మరీ ఎక్కువగా వస్తాయనీ అంటే వింతగా ఉంటుంది కదూ! ఈరోజు ఆ సంగతే ముచ్చటించుకుందాం.

నక్షత్రాలకు పసితనమేమిటి అంటారా? వాటికీ పుట్టుక, ఎదుగుదల, ముసలితనం ఉన్నాయి. వాయువూ ధూళీ కలిసిన పెద్ద పెద్ద మేఘాలలో అవి పుడతాయి. పంచాంగంలో మనం చూసే మృగశిర, ఆర్ద్ర ఉన్న గుంపును ఇంగ్లీషులో ఓరియన్ అంటారు. అందులో మూడు చుక్కలు వరుసగా కనబడతాయి. వాటికి కాస్త దిగువన మసకగా ఉన్న మేఘం అలాంటి పురిటిగదే. అక్కడి నక్షత్రాలలో చాలావాటి వయస్సు సుమారు 10 లక్షల ఏళ్ళు. మన సూర్యుడి వంటి నక్షత్రం ఆయుర్దాయం దాదాపు 1,000 కోట్ల ఏళ్ళు. ఆ లెక్కను నూరేళ్ళ మనిషి జీవితానికి కుదిస్తే, అవి ఇంకా నాలుగు రోజులైనా నిండని పసిగుడ్లు!

ఈ పసిగుడ్లకు ధూళి అడ్డంగా ఉంటుంది. మామూలు వెలుతురు దాన్ని సులభంగా దాటలేదు. ఎక్స్‌రే కిరణాలు చాలావరకు దాటి వస్తాయి. కాని వాటిని మన భూమి చుట్టూ ఉన్న గాలి కిందికి రానివ్వదు. అది మన ప్రాణాలకు రక్షే అయినా, చూడాలంటే మాత్రం దుర్భిణిని అంతరిక్షంలోకి పంపక తప్పదు.

1978లో అమెరికా పంపిన ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ ఓరియన్‌లోని పసి నక్షత్రాల ఎక్స్‌రే వెలుగును చూసింది. 1999 జులై 23న చంద్ర అనే దుర్భిణి వెళ్ళింది. మన దేశంలో పెరిగిన శాస్త్రజ్ఞుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే దానికి పెట్టారు. దాన్ని మోసుకెళ్ళిన కొలంబియా షటిల్‌కు నాయకురాలు ఐలీన్ కాలిన్స్. షటిల్‌కు ఒక స్త్రీ నాయకత్వం వహించడం అదే మొదటిసారి.

ఈ దుర్భిణిలో అద్దాలు కూడా వేరే రకం. ఎక్స్‌రే కిరణం అద్దానికి ఎదురుగా తగిలితే అందులోనే ఇంకిపోతుంది. పిల్లలు చెరువులో చిల్లపెంకు విసిరితే అది నీటిని రాసుకుంటూ ఎగిరెగిరి పోతుంది చూడండి, అలా ఏటవాలుగా తగిలితేనే పక్కకు మళ్ళుతుంది. అందుకని అద్దాలను అడుగులేని డబ్బాల్లా చేసి, ఒకదానిలో ఒకటి అమర్చారు.

2003 జనవరిలో చంద్ర ఆ ఓరియన్ మేఘాన్ని దాదాపు 13 రోజులు కనిపెట్టి చూసింది. 1,400కు పైగా పసి నక్షత్రాలు కనిపించాయి. సూర్యుడి వంటి వాటిలో ఇంచుమించు వారానికొకసారి పెద్ద పెద్ద జ్వాలలు లేస్తున్నాయని తేలింది. ఇప్పటి సూర్యుడిలో లేచే జ్వాలలు వాటి ముందు దీపపు వత్తులే.

ఎందుకింత ఉగ్రం? పసి నక్షత్రం చాలా వేగంగా తిరుగుతుంది. లోపలి వాయువు కుతకుత ఉడుకుతుంటుంది. దానితో అయస్కాంత శక్తి బలంగా పుట్టి మెలికలు తిరుగుతుంది. దారాన్ని మెలిపెడుతూ పోతే పుటుక్కున తెగినట్టు, ఆ మెలికలు తెగి మళ్ళీ అతుక్కునేటప్పుడు వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్‌రేలను చిమ్ముతుంది.

ఇందులో మనకు సంబంధించిన విషయం ఒకటుంది. ఈ పసి నక్షత్రాలు అనేకం చుట్టూ పళ్ళెంలా వాయువూ ధూళీ తిరుగుతుంటాయి. గ్రహాలు తయారయ్యేది అందులోనే. జ్వాలల వేడికి ఆ వాయువు ఎగిరిపోవచ్చు. లేదా అందులో అలజడి పుట్టి, తయారవుతున్న గ్రహం నక్షత్రంలో పడకుండా ఆగిపోనూవచ్చు. రెండింటినీ శాస్త్రజ్ఞులు ఆలోచిస్తున్నారు. దాదాపు 460 కోట్ల ఏళ్ళ కిందట మన సూర్యుడూ అలాగే చెలరేగి ఉంటాడు. ఆ సెగలోనే మన భూమి పుట్టింది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. నక్షత్రాల విషయంలో ఆ సామెత చెల్లదు. అంత చెలరేగినవాడే ఇప్పుడు మన మిద్దెమీద వడియాలు ఎండబెడుతున్నాడు!

మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్ళిన ఆస్ట్రోశాట్‌లోనూ ఎక్స్‌రే దుర్భిణి అమర్చారు. ఇవి మనకెందుకులే అనుకోవద్దు. చలికాలం రాత్రి పనులన్నీ ముగిశాక పిల్లలను మిద్దెమీదికి తీసుకువెళ్ళి ఆ మూడు చుక్కలను చూపించండి. వాళ్ళు ప్రశ్నలు వేస్తే, నాన్నగారిని అడగమని పంపించకుండా మీరే చెప్పండి.